మా అత్త కొన్న ట్రాలీ ఆటో

నేను కోడలిగా రాష్ట్ర సరిహద్దు అవతలి మరైగూడకు వచ్చేనాటికి మా అత్తకు అయిదు భాషలు వచ్చు, నాకు ఒక్కటే. మా పుట్టింటిది చర్ల వైపు పల్లె. మా ఇంట్లో తెలుగు తప్ప మరో మాట లేదు. ఇక్కడ అత్త మాతో తెలుగు మాట్లాడుతూనే గుమ్మం దాటి పక్కింటామెతో దోర్లీలోకి, సంతకు పోతే గోండీలోకి, హల్బీలోకి, కోంటాలో బట్టల సేటు దగ్గర హిందీలోకి మారిపోయేది. ఒక్కో భాషలో ఆమె గొంతు ఒక్కోలా ఉండేది. హిందీలో కాస్త గట్టిగా, బేరానికి సిద్ధమైనట్టు. హల్బీలో మెత్తగా, ముద్దుగా. ఎందుకలా అని అడిగితే, "హల్బీల గట్టిగ మాట్లాడితే ఎవరు కొంటరు పిల్లా" అని నవ్వేది.

మాది సంతల్లో బట్టలమ్మే ఇల్లు. తువ్వాళ్లు, లుంగీలు, జాకెట్టు ముక్కలు, పిల్లల గౌన్లు, చలికాలమైతే దుప్పట్లు. మామ చనిపోయాక అత్త ఒక్కతే మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి ఈ వ్యాపారం నిలబెట్టిందట. నేను వచ్చేసరికి మూటలు జీపు ఎక్కాయి. జీపంటే మాది కాదు, అందరిదీ. లోపల ఇప్పపువ్వు బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు, వెదురు బుట్టలు, వాటి మధ్య ఎక్కడ చోటు దొరికితే అక్కడ మనుషులు. మా మూటలు టాపు మీద. మా ఆయన వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాడు. అత్త ఎప్పుడూ ముందు సీట్లో, డ్రైవరు పక్కన. ఆ చోటు ఆమెకు ఎవరిచ్చారో తెలియదు గానీ ఆమె ఎక్కకముందు అందులో కూర్చునే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు.

ఒక వానాకాలం కిష్టారం సంతకు పోతుంటే వాగు పొంగి జీపు ఆగిపోయింది. దిగి మూటలు ఎత్తుకుని దాటబోయాం. మా ఆయన కాలు జారి ఒక మూట మొత్తం నీళ్లలో మునిగింది. నేను ఏడుపు మొహం పెట్టాను. అత్త మూట విప్పి, తువ్వాళ్లూ లుంగీలూ ఒడ్డున బండల మీద పరిచింది. వాగు తగ్గడం కోసం అటూ ఇటూ జనం కూర్చుని ఉన్నారు కదా, వాళ్లను పిలవడం మొదలుపెట్టింది. "చూడుండ్రి, నీళ్లల్ల నానబెట్టి మరీ చూపిస్తున్న. రంగు దిగిందా? చుక్క దిగలే!" తడిసిన బట్టలు సగానికి పైగా అక్కడే అమ్ముడుపోయాయి. వాగు తగ్గేసరికి మాకు మోసే బరువు కూడా తగ్గింది. ఆ రోజు నేను ఆమెను చూసి ఎంత నవ్వానో ఇప్పటికీ కడుపులో గుర్తుంది.

తర్వాత మా వైపు రోడ్డు పడింది. దాని వెనకే టవరూ వచ్చింది, ఫోన్లు వచ్చాయి. కుర్రాళ్లందరికీ మోటారుసైకిళ్లు వచ్చేసరికి జీపు ఎక్కేవాళ్లు తగ్గి, జీపాయన బండి అమ్మేసుకుని భద్రాచలం పోయాడు. మాకు చిక్కు వచ్చి పడింది. రోడ్డు బాగుంది గానీ ఆ రోడ్డు మీద మూటలు తీసుకుపోయే బండి లేదు. బైకు మీద రెండు మూటలకు మించి పట్టవు. ఒక పాత ట్రాలీ ఆటో కొనుక్కుంటే ఏ సంతకైనా మనమే పోవచ్చని మా ఆయన పట్టుబట్టాడు. రెండేళ్లపాటు తునికాకు సీజన్‌లో, పెళ్లిళ్ల సీజన్‌లో వచ్చిన మిగులంతా అత్త బ్యాంకులో వేసింది.

బండి ఫోన్‌లోనే దొరికింది. పాత బండ్లు అమ్మే చోట మా ఆయన రోజూ బొమ్మలు చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ఫోన్ తెచ్చి అత్త మొహం ముందు పెట్టాడు. పచ్చరంగు ట్రాలీ, వెనక తలుపు మీద ఎదురెదురుగా రెండు చిలకలు. జగదల్‌పూర్ బండి. అత్త కళ్లు చిట్లించి చూసి, "బొమ్మ చూసి బట్ట కొంటరా ఎవరన్న? పోయి చేత్తో ముట్టుకుని చూద్దాం" అంది.

ముగ్గురం కోంటాలో బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్లాం. అమ్మేవాడు ఇరవై అయిదు దాటని కుర్రాడు. రోడ్డు పక్క చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని పాత బండ్లు పెట్టుకున్నాడు. మంచినీళ్లిచ్చాడు, సమోసాలు తెప్పించాడు. మాటకు ముందు 'అమ్మాజీ', మాటకు వెనక 'అమ్మాజీ'. అత్త అతనితో హల్బీలో ఊరూ పేరూ కనుక్కుంటే వాడూ హల్బీలోకి దిగిపోయాడు. మా ఆయన బండి ఎక్కి ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. ఇంజను బాగుందన్నాడు. అత్త తన సంచిలోంచి ఎర్ర అంచు ముక్క తీసింది. చీర అంచులు చింపగా మిగిలేవి ఆమె దగ్గర ఎప్పుడూ ఉండేవి. దాన్ని బండి అద్దానికి కట్టబోతే అద్దం ఊగింది. కుర్రాడే వచ్చి రెండు చేతులతో అద్దం కదలకుండా పట్టుకున్నాడు. అత్త ముడి వేసి, బండి నుదుట కుంకుమ పెట్టింది.

బయానాగా కొంత డబ్బు అక్కడే ఇచ్చాం. బండి మీద ఫైనాన్స్ అప్పు తీరిపోయిందనీ, ఆ కాగితం వస్తే పేరు మార్పించి డ్రైవర్ని పెట్టి కోంటా దాకా పంపిస్తాననీ అన్నాడు. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. కాగితం వచ్చిందట, డీజిల్ కొట్టించి బండి బయట నిలబెట్టాడట, మిగతా డబ్బు వేస్తే బయలుదేరుతుందట. ఫొటో కూడా పంపాడు. ఎర్ర ముక్కతో సహా మా బండే. మా ఆయన డబ్బు పంపించేశాడు.

ఆ రోజంతా అత్త మూటలు కట్టి వాకిట్లో పెట్టుకుని కూర్చుంది. బండి రాలేదు. డ్రైవరుకు జ్వరమన్నాడు. మర్నాడు టైరు అన్నాడు. రేపు ఖాయమంటూ "కల్ పక్కా, అమ్మాజీ" అన్నాడు. ఆ పక్కా ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫోన్‌లో బండి బొమ్మ కూడా మాయమైంది.

ఇంట్లో ఎవరం ఎవరినీ ఏమీ అనలేదు. అదే భరించలేకపోయాం. మా ఆయన కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవాడు. ఒకరోజు అత్త అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"డబ్బు పంపింది నీ ఫోనే గావచ్చు. పిలగాడు మంచోడని చెప్పింది నేను. ముడేసింది నేను. నువ్వొక్కనివే ఎందుకు ఎండుతున్నవ్? అన్నం తిను, రేపు థానాకు పోదాం."

కోంటా పోలీసు థానాలో అర్జీ రాసుకున్నారు. మోసాల మీద ఫిర్యాదుల కోసం పెట్టిన నంబరుకు ఫోన్ చేయించారు. కానీ డబ్బు కుర్రాడి ఖాతాలోంచి ఎప్పుడో బయటికి పోయిందట. బేరం జరిగింది జగదల్‌పూర్‌లో గనుక అక్కడి థానాలో కూడా చెప్పుకోమన్నారు. వెళ్లాం. చెప్పుకున్నాం. షెడ్డు దగ్గరికి పోతే తాళం వేలాడుతోంది. షెడ్డు అద్దెకిచ్చినాయన తనకూ వాడు అద్దె బాకీ ఉన్నాడని చెప్పి, మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. తిరుగు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అంతసేపు ఆమె ఏ భాషలోనూ మాట్లాడకపోవడం నేనదే మొదటిసారి చూడటం.

వానలు వెనకబట్టాక సుక్మా సంతకు దుప్పట్లు తీసుకుపోయాం, బస్సులో. మధ్యాహ్నం నేను చిల్లర కోసం వెళ్లిన అత్తను వెతుక్కుంటూ కూరగాయల వైపు పోతే, ఆమె ఒక ట్రాలీ ఆటో ముందు నిలబడి ఉంది. నిండా ఉల్లిగడ్డల బస్తాలు. వెనక తలుపు మీద రెండు చిలకలు. నేను పరుగున ముందుకు వెళ్లి చూశాను. అద్దానికి ఎర్ర అంచు ముక్క, ఎండకు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది గానీ ముడి అదే.

నా కేకకు మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఉల్లిగడ్డలాయన లేచి అతని చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరూ హిందీలో అరుచుకోవడం మొదలుపెట్టారు. జనం మూగారు. అత్త మధ్యలోకి వెళ్లి కొడుకు చెయ్యి హ్యాండిల్ మీంచి తీసింది. తర్వాత ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చుని, కిలో తూచమంది. ఆయన బిత్తరపోయి తూచాడు. డబ్బిచ్చి, సంచిలో పోసుకుని, అప్పుడు తన మెత్తని హల్బీలో అడిగింది, ఆ అద్దానికి కట్టింది ఎవరని.

"కొన్నప్పుడే ఉంది. ఏ దేవత పేరున కట్టారో అని విప్పలేదు" అన్నాడాయన.

"కట్టింది నేనే" అంది అత్త.

ఆయన మొహం మారిపోయింది. బండి లాక్కుపోతారని భయపడ్డాడు పాపం. తను పూర్తి డబ్బిచ్చి కొన్నాననీ, పేరు కూడా మారిందనీ కాగితాలు తీసి చూపించాడు. మా తర్వాత వచ్చి మాకంటే ఎక్కువ ఇచ్చాడు. ఆ కుర్రాడు మా డబ్బూ ఉంచుకుని, బండి ఈయనకు ఇచ్చేశాడు. "నీ బండి నీదే, నాకొద్దు. ఆ పిలగాడు ఏడున్నడో చెప్పు చాలు" అంది అత్త. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. బండి తెచ్చుకున్న రోజు తాళంచెవి కోసం కుర్రాడి అన్న ఇంటికి పోయాడట. జగదల్‌పూర్‌కు ఇవతల, రోడ్డు దిగి లోపలికి పోయే ఊరు. వచ్చే వారం సరుకు కోసం అటే పోతున్నాను, రండి చూపిస్తాను అన్నాడు.

మేం కొనుక్కున్న బండిలోనే, మేం ఉల్లిగడ్డలు కొన్న ఆయనతో కలిసి, మా డబ్బు వెతుక్కుంటూ వెళ్లాం. వెనక ఖాళీ బస్తాల మీద నేనూ మా ఆయనా. ఎవరూ చెప్పకుండానే అత్త ముందు ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుంది. బాధలో ఉండి కూడా, ఇంజను చప్పుడు వింటూ, "మంచి బండి, పోగొట్టుకున్నం" అని మా ఆయన అంటే నాకు నవ్వొచ్చింది.

అన్న ఇంటి కళ్లంలో వడ్లు తొక్కిస్తున్నారు. రెండు ఎద్దులు గుండ్రంగా తిరుగుతున్నాయి, వాటి వెనక నలభై ఏళ్ల మనిషి. ఆయన భార్య మాకు చెంబుతో నీళ్లిచ్చింది. అత్త నీళ్లు తాగి, విషయం మొదటినుంచీ చెప్పింది. అరవలేదు, తిట్టలేదు. ఆయనకే కోపం వచ్చింది. మా తమ్ముడు అలాంటివాడు కాదు, ఎవరో మీకు తప్పు చెప్పారు అన్నాడు. అప్పుడు ఉల్లిగడ్డలాయన ముందుకొచ్చి, తను తాళంచెవి తీసుకున్నది ఈ వాకిట్లోనే అని గుర్తుచేశాడు. అన్న వెళ్లి మళ్లీ ఎద్దులు తోలాడు. మేం అలాగే కూర్చున్నాం. చాలాసేపటికి ఎద్దుల్ని నిలిపి వచ్చాడు.

"వాడు బియ్యం కోసం ఆదివారం ఇంటికొస్తాడు. మీరు సోమవారం జగదల్‌పూర్ థానాకు రండి. నేనే తీసుకొస్తాను" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన ఊరుకోలేదు. "సొంత తమ్ముణ్ణి ఎవడన్న థానాకు తెస్తడా? ఈపాటికి పారిపొమ్మని ఫోన్ చేసే ఉంటడు."

"చేస్తే చేస్తడు. మనకు ఇంకో దారేంది?" అంది అత్త. ఆ మాట ధైర్యంగా అనలేదు. ఆమెకూ నమ్మకం లేదు.

సోమవారం థానా అరుగు మీద పొద్దుటి నుంచీ కూర్చున్నాం. మధ్యాహ్నం దాటింది. మా ఆయన నా వంక చూసి, నేను చెప్పలేదా అన్నట్టు తల ఊపుతున్నాడు. ఇక బస్సు వేళవుతుందని లేవబోతుండగా అన్న మోటారుసైకిలు లోపలికి వచ్చింది. వెనక కుర్రాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి, మా వైపు చూడకుండా దిగాడు.

హవల్దారు లోపల కూర్చోబెట్టి అడిగితే మెల్లగా చెప్పాడు. అంతకుముందు అమ్మిన బండి ఒకటి దొంగబండిగా తేలిందట. దాన్ని కొన్నవాళ్లు మీద పడితే మా డబ్బు వాళ్లకిచ్చాడట. ఉల్లిగడ్డలాయన డబ్బు అప్పులవాళ్లకు పోయిందట. ఒక గుంట పూడ్చడానికి ఇంకోటి తవ్వుకుంటూ పోయాడు. అత్త అంతా విని ఒక్క మాటే అంది.

"ముడేస్తుంటే అద్దం పట్టుకున్నది నువ్వే గదరా."

కుర్రాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అన్న గోడ వైపు తిరిగాడు.

హవల్దారు ఒప్పందం రాయించాడు. సగం వారంలోపు ఇవ్వాలి, మిగిలింది నెలనెలా. తప్పితే కేసు నడుస్తుంది. వారంలో సగం డబ్బు వచ్చింది. మా ఆయన ఫోన్‌లో అది చూసుకుని చాలా రోజుల తర్వాత కంచంలో రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. మాకు పండగలాగే ఉంది. ఆ పండగ ఎక్కువకాలం నిలవలేదు. మొదటి నెల డబ్బు ఇవ్వడానికి అన్న స్వయంగా దోర్నాపాల్ సంతకు వచ్చాడు. మాటల్లో అత్తే అడిగింది, అంత డబ్బు ఎలా సర్దావని. తమ్ముడి మోటారుసైకిలూ, తన ఎద్దుల్లో ఒకటీ అమ్మానన్నాడు. ఆ రోజు కళ్లంలో మేం చూసిన ఎద్దుల్లోనే ఒకటి.

ఆ సాయంత్రం అత్త టీ కూడా తాగలేదు. "మన డబ్బు మనం అడిగినం, తప్పేంలే. అయినా ఆ ఒంటి ఎద్దే కళ్ల ముందు తిరుగుతున్నది పిల్లా" అంది. మాకు రావలసింది వదులుకుంటుందేమో అని మా ఆయన హడలిపోయాడు. ఆమె వదులుకోలేదు. కానీ నెలనెలా అనే మాట తీసేసింది. పంట వచ్చినప్పుడు, అడవిలో సరుకు దొరికినప్పుడు ఇమ్మంది. సరుకే అయినా తీసుకుంటానంది.

తర్వాతి చింతపండు సీజన్‌లో అన్న బస్తాలతో వచ్చాడు. అత్త బస్తాలో చెయ్యిపెట్టి ఒక గుప్పెడు తీసి, గింజ సరిగా తీయలేదని ధర తగ్గించింది. ఆయన నిర్ఘాంతపోయి, తర్వాత పడీపడీ నవ్వాడు. అంతవరకూ ఆయన నవ్వడం నేను చూడలేదు. అప్పట్నుంచి ఆయన వచ్చే సంతలకు అత్త కాస్త ముందే తయారయ్యేది. ఇద్దరూ మా దుకాణం టార్పాలిన్ పట్టా కింద కూర్చుని హల్బీలో వానల గురించీ, కోడళ్ల గురించీ మాట్లాడుకునేవారు. నా గురించి ఏమంటోందో వినాలని నేను బట్టలు మడతపెడుతున్నట్టు దగ్గరగా జరిగేదాన్ని. నేను జరగగానే ఆమె గోండీలోకి మారేది. అప్పటికి నాకు హల్బీ అర్థమవుతుందని ఆమెకు తెలుసు, గోండీ ఇంకా సరిగా రాదనీ తెలుసు.

వచ్చిన డబ్బుతో కోంటాలో తెలిసినాయన దగ్గర ఒక పాత ట్రాలీ కొన్నాం. చిలకలు లేవు, రంగు కూడా బాగాలేదు. డబ్బు ఒక చేత్తో ఇచ్చి బండి రెండో చేత్తో తీసుకున్నాం. దానిమీద అత్త రెండు సంవత్సరాలు తిరిగింది. మరైగూడ, కిష్టారం, కోంటా, ఎక్కడ సంత ఉంటే అక్కడికి. పొద్దున మంచులో ముందు కూర్చుని, శాలువా తలమీదుగా కప్పుకుని, దారిలో నడిచిపోయే ప్రతి ఆడమనిషినీ పేరు పెట్టి పలకరించేది. ఇప్పుడు ఆ దారిలో పోతే రోడ్డు మరీ తొందరగా అయిపోతున్నట్టు ఉంటుంది నాకు.

ఆమె ఒక చలికాలం నాలుగు రోజుల జ్వరంతో వెళ్లిపోయింది. కబురు ఎవరు చేరవేశారో గానీ పదో రోజున అన్న వచ్చాడు. ఇంకా కొంచెం బాకీ ఉంది నిజమే. ఆయన ఆ మాట ఎత్తలేదు, మా ఆయనా ఎత్తలేదు. తమ్ముడు ఇప్పుడు ఏదో కంకర క్రషర్‌లో లారీ తోలుతున్నాడని, పెళ్లి కుదిరిందని చెప్పాడు. భోజనాల దగ్గర కూర్చుని, చింతపండు ధర తగ్గించిన సంగతి మా చుట్టాలందరికీ హిందీలో చెప్పి నవ్వించాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, నీళ్లు తాగాడు.

సాయంత్రం బస్సుకు ఆయన్ని దిగబెట్టడానికి మా ఆయన కోంటా దాకా వెళ్లాడు. ఎప్పుడో రావలసినవాడు చీకటి పడ్డాక వచ్చాడు. ఎందుకింత ఆలస్యమని అడిగాను.

"బస్సు లేటైంది. ఒక్కణ్ణే వదిలేసి ఎట్ల వస్త?" అని, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లడిగాడు.